జంటరేల చెలమ దాకా

మిర్యాలగూడ,
9-2-1986.

బావకు తులసీరాం నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. కమ్లి అక్కను, పిల్లలను అడిగానని చెప్పు. బాపు నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉన్నాడు కదా, ఒంట్లో బాగానే ఉంది. నోరే ఊరుకోవడం లేదు. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే మొదలుపెడతాడు. "ఒక్కసారి జంటరేలకు తోల్కపోరాదుర తులసీ! మీ యాడి కాడ జరసేపు కూసొని, ఆ చెలమ నీల్లు తాగొస్త. గంతకంటె ఏమడుగుతున్న?"

నీకు ఈ సంగతి సగమే తెలుసు, అందుకని మొత్తం రాస్తున్నాను. నాకు ఆరేళ్ళప్పుడు, ఎప్పటిలాగే ఎండాకాలం బాపు తండా పశువులను తోలుకొని నల్లమలకు పోయాడు. మమ్మల్ని కన్న యాడీ, అక్కా, నేనూ వెంట ఉన్నాం. అడవి లోపల రెండు రేల చెట్ల మధ్య ఇసుక తవ్వితే మూరెడు లోతులో నీళ్ళు పడేవి. అదే జంటరేల చెలమ. అక్కడ యాడికి జ్వరం వచ్చి మూడో రోజుకు పోయింది. అక్కడే మట్టి చేశారు. తిరిగి వచ్చేటప్పుడు బాపు పొయ్యి రాళ్ళు పడగొట్టలేదు. మళ్ళీ రామనుకుంటే మూడు రాళ్ళూ పడగొట్టి పోవడం, వెనక మనవాళ్ళు వచ్చేదుంటే నిలబెట్టి పోవడం మా ఇంటి పద్ధతి. బాపు నిలబెట్టే వచ్చాడు. కానీ ఆ ఏడే పశువులను అమ్మేశాడు. ఇరవై నాలుగేళ్ళయింది, అటు తొంగి చూడలేదు. ఇప్పుడు డెబ్బై దాటాక ఆ రాళ్ళు కలలోకి వస్తున్నాయట.

కాబట్టి ఈ ఉగాది దాటగానే పోదాం. నువ్వు వేలంలో పాడుకున్న జీపు ఉండనే ఉంది. సాగర్, మాచర్ల మీదుగా యర్రగొండపాలెం దాకా రోడ్డు. అక్కడి నుంచి జీపు పోయినంత దూరం పోయి, తర్వాత ఒకటిన్నర రోజు నడక అని బాపు చెప్తున్నాడు. ఇప్పుడది పులుల అడవి, కాగితం లేకుండా పోకూడదు. అర్జీ సంగతి నేను చూసుకుంటాను. కావలసిన సామాను విడిగా రాసి ఇందులో పెట్టాను. టార్పాలిన్, దోమతెరలు, నీళ్ళ డబ్బాలు, గొడ్డలి, పాముకాటు మందు మొదలుకొని ముప్పై రెండు వస్తువులు. ఏదైనా మరిచిపోయానేమో చూసి రాయి.

ఉంటాను,
తులసీరాం.

సూర్యాపేట,
2-3-1986.

మా బామ్మర్ది తులసీకి దేవ్‌సింగ్ రాసేది.

నీలెక్క నాకు పుస్తకం భాష రాదు, నోట్లె ఎట్లొస్తే అట్ల రాస్తున్న. మామను మొన్న నువ్వు బస్సు ఎక్కిస్తివి గద, మంచిగనే దిగిండు. నీ లిస్టు సదివి మీ అక్క, "ఇది అడవికి పోవుడా, లగ్గానికి పోవుడా?" అని కడుపుబ్బ నవ్వింది. దోమతెరలంటవేందయ్యా! పులి వస్తె దోమతెర సూసి ఎనక్కి పోతదా? మామ అయితే, "గొంగడి ఉండంగ గుడారమెందుకు? మూడు రాల్లు, ఇంత పిండి, ఉప్పు, మిరపకాయలు. గంతే" అన్నడు. ముప్పై రెండుల నాలుగు మిగిలినయి.

ఇగ జీపు సంగతి. బాడీ ఉన్నది, సీట్లు ఉన్నయి, స్టీరింగు తిప్పితే తిరుగుతది. గేర్‌బాక్స్ లేదు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది మన యాత్ర. కోదాడల పాత జీపుల సామాను అమ్మేటాయన కాడికి మూడుసార్లు పోయిన. "రేపు రండి, చూద్దామండీ, మీకు కాకపోతే ఎవరికిస్తామండీ" అంటడు. అంత మర్యాదగ తిప్పేటోన్ని తిట్టబుద్ధి గూడ కాదు.

మామ రోజూ షెడ్డుకొచ్చి జీపుల కూసుంటున్నడు. ఇంజను లేపకున్న సరే, ముందు సీట్ల కూసొని రోడ్డు దిక్కు సూస్తుంటడు. నువ్వు అర్జీ పెట్టు, నేను జీపు లేపుత.

ఇట్లు,
మీ బావ దేవ్‌సింగ్.

మిర్యాలగూడ,
30-4-1987.

బావకు నమస్కారాలు.

పోయిన ఏడాది మాట తప్పింది నేనే, ఒప్పుకుంటున్నాను. కాలువకు నీళ్ళు వదిలే పనుల్లో పడి అర్జీ పెట్టనేలేదు. అంతలో వానలు పడ్డాయి. "వాన పడ్డంక ఆ వాగులు దాటుడు కాదు బిడ్డా, మల్ల ఎండాకాలమే" అన్నాడు బాపు. కోపం చేయలేదు. కోపం చేస్తే బాగుండేది.

ఈసారి అన్నీ కుదిరాయి. మే పదో తేదీ నుంచి ఆరు రోజులు సెలవు మంజూరైంది. అర్జీ పెట్టాను. కాగితం ఇంకా చేతికి రాలేదు గానీ దారిలో అడిగి తీసుకుందాం. నువ్వు జీపు నడుస్తున్నదని రాసినప్పుడు నేను ఆఫీసులో నలుగురికీ చూపించాను. బాపునూ అక్కనూ ఎక్కించుకొని పదో తేదీ పొద్దున్నే వచ్చెయ్. మా వీధి చివర నిలబడి ఉంటాను. నీ ఎగతాళికి భయపడి దోమతెరలు తీసేశాను. టార్పాలిన్ మాత్రం తెస్తున్నాను, ఏమన్నా అనుకో.

ఎదురుచూస్తూ,
తులసీరాం.

మిర్యాలగూడ,
14-5-1987.

దేవ్‌సింగ్ బావకు,

పదో తేదీన పొద్దున ఆరింటి నుంచి పన్నెండింటి దాకా వీధిలో సామాను మూటల మీద కూర్చున్నాను. పదకొండున కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళంతా "అడవికి పోలేదా సారూ?" అని అడుగుతుంటే ముఖం ఎక్కడ పెట్టుకోను? పన్నెండున మా ఆఫీసు పాపయ్య సూర్యాపేట నుంచి వచ్చాడు. నీ జీపు నిండా ఆడవాళ్ళను ఎక్కించుకొని మోతె రోడ్డు మీద పోతుంటే పదో తేదీన చూశానని చెప్పాడు. పెళ్ళివాళ్ళేమో అన్నాడు.

కిరాయి దొరికిందని బాపును పక్కన పెట్టావా బావా? అది నా తండ్రి కోరిక కాబట్టి నీకు బరువైందా? నా సెలవు అయిపోయింది. ఇక ఆ జీపు పేరు నా దగ్గర ఎత్తకు.

తులసీరాం.

సూర్యాపేట,
20-5-1987.

తులసీరాంకు,

జీపుల ఎక్కినోల్లు పెండ్లోల్లు గాదు. పదో తారీకు పొద్దుగాల మేము బయలెల్లంగ మోతె తండా నుంచి మనిషొచ్చిండు. సక్కుబాయికి నొప్పులు మొదలై రెండు దినాలైంది, బిడ్డ అడ్డం తిరిగింది అన్నడు. మామనే జీపు దిగి, "ముందు ఆమెను దవాఖానకు తోల్కపో. అడవి యాడికీ పోదు" అన్నడు. ఆమెను, ఆమె అత్తను, ఇంకిద్దరు ఆడోల్లను ఎక్కించుకొని పోయిన. తల్లి, బిడ్డ బతికిండ్రు. వచ్చేటప్పుడు యాక్సిల్ ఇరిగి జీపు రోడ్డు మీద పండింది. లారీకి కట్టి గుంజుకొచ్చిన.

గిదంత నువ్వు అడిగితే చెప్పేటోన్ని. అడగకముందే తీర్పు రాసి పంపినవు. నా తండ్రి నా తండ్రి అంటున్నవు, ఏడాదిల ఎనిమిది నెలలు ఆయన ఎవరింట్ల తింటున్నడు? కట్టిన మూట ఆయన తన చేతుల్తోనే విప్పుకున్నడు. ఆ విప్పుడు నేను సూసిన, నువ్వు సూడలే.

ఇగ నేను నీకు రాయ.

దేవ్‌సింగ్.

సూర్యాపేట,
3-5-1988.

తులసీరాంకు,

రాయనన్నోన్ని రాస్తున్న, మీ అక్క పోరు పడలేక. ఏడాది సంది నువ్వొక కార్డు ముక్క రాయలే, నేనూ రాయలే. సరే, అది మన ఇద్దరి సంగతి. మామ నీ కాడికి వచ్చి ఇయ్యాల్టికి పన్నెండు దినాలైంది. చేరిండని ఒక్క మాట రాయొచ్చు గద! నువ్వు మీ అక్కకు కబురు చేసిన ఆ కొత్త ఇంట్ల దిగే ముచ్చట అయిపోయినంక ఆయనను పంపియ్యి. ఆయాసం మందు సీసా ఇక్కన్నే మర్సిపోయిండు. కమ్లి దాన్ని సూసినప్పుడల్ల పరేషానైతున్నది.

దేవ్‌సింగ్.

మిర్యాలగూడ,
6-5-1988, ఉదయం.

బావా,

నీ కార్డు ఇప్పుడే అందింది. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందోనని ఇది సూర్యాపేట బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

బాపు ఇక్కడికి రాలేదు. అసలు రాలేదు. బాపు మీ దగ్గరే ఉన్నాడనుకొని నేను నిశ్చింతగా ఉన్నాను. ఇంట్లో దిగడానికి ఇంకా వారం ఉంది, ఆ రోజు మీరంతా కలిసి వస్తారు, మొహం చూసుకుంటే మన కోపాలు పోతాయని అనుకుంటూ కూర్చున్నాను. ఎటు పోయాడు? పోయేటప్పుడు ఏమన్నాడు? చేతిలో ఏమున్నాయి? అక్కను అడిగి, ఏదీ వదలకుండా ఇదే మనిషి చేతికి రాసివ్వు.

తులసీరాం.

సూర్యాపేట,
6-5-1988, సాయంత్రం.

తులసీ,

కండక్టరు బస్సు ఆపి నిలబడ్డడు, జల్ది జల్ది రాస్తున్న. మీ అక్క గోడకు ఆనుకొని కూసొని ఏడుస్తున్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"ఏప్రిల్ ఇరవై ఒకటిన పొద్దు పొడవంగ బాపు గొంగడి భుజానేసుకొని గడప దాటిండు. చేతిల మూట ఉండె, సెంబు ఉండె. జొన్నపిండి, ఉప్పు, మిరపకాయలు ముందుగాలనే నాతోటి కట్టిచ్చుకున్నడు. బిడ్డా, నేను ముందు నడుస్త, మీరు ఎనక రాండ్రి అన్నడు. మీ ఇంటి ముచ్చటకు ముందుగాల పోతున్నడనుకున్న. ఎల్లేటోన్ని ఎక్కడికని అడుగుతరా ఎవరన్న? యాడి గూడ ఎన్నడు అడగకపోయేది. నోటి దాక వచ్చింది తమ్మీ, అపశకునమని మింగిన."

మూటల పిండి, ఉప్పు, మిరపకాయలు. అర్థమైందా నీకు? మామ లిస్టు అది.

రేపు పొద్దుగాల ఏడింటికి మిర్యాలగూడ బస్టాండు ముందర నిలబడు. జీపు ఎట్లున్నా సరే తీస్తున్న. అర్ధగంట సూస్త. లేకుంటే ఆగ, పోత.

దేవ్‌సింగ్.

యర్రగొండపాలెం,
10-5-1988.

తులసీ,

ఏడున్నర దాక సూసిన. ఎనిమిది దాక గూడ సూసిన. రాకపోతివి. ఇగ ఆగలే.

ఇదంత పోస్టాఫీసు అరుగు మీద కూసొని రాస్తున్న. ఏం రాయాల్నో తెలుస్తలేదు గని, ఇంటికొచ్చి నీ మొహం సూసి చెప్పుడు నాతోని కాదు. మామ లేడు తులసీ. నాలుగో తారీకు పొద్దున పోయిండు. నేను ఎనిమిదో తారీకు మాపటీలి చేరిన. నాలుగు దినాలు.

జీపు వాగు కాడ ఆగిపోయింది. లింగన్న అనే చెంచాయన తోవ సూపిస్తె నడిచిన. మామ పేరు చెప్పకముందే, "జీపాయనవా? పెద్దాయన నీ కోసరమే కదా ఎదురుజూసింది" అన్నడు. మామ యర్రగొండపాలెం దాక బస్సులల్ల వచ్చి, అక్కడి నుంచి కట్టె పట్టుకొని ఒక్కడే నడిచి చెలమ చేరిండంట. ఇసుక తోడుకొని నీళ్ళు తాగి, పాత పొయ్యి రాళ్ళ మట్టి దులిపి మంట పెట్టిండంట. లింగన్న చెప్పింది విను.

"తొమ్మిది రోజులుండాడు పెద్దాయన. రోజూ నలుగురికి రొట్టెలు కాల్చేవోడు. ఒక్కడివే గదా తాతా, ఇన్నెందుకని అడిగినాం. పిల్లోళ్ళు జీపులో వస్తా ఉండారు, ఆకలి మీద వస్తారు అనేవోడు. పొద్దు వాలినాక మూడు భాగాలు మా పిల్లకాయలకు పెట్టేవోడు. పిండి అయిపోతే మా కాడ జొన్నలు అడిగి తీసుకున్నాడు గానీ, నలుగురికి చెయ్యడం మానలా. ఆఖర్లో ఆయాసం ఎక్కువైంది. మా ఊళ్ళోకి రమ్మంటే, నేను ఇక్కడ లేకపోతే వాళ్ళకు తోవ తెలవదు అన్నాడు."

మీ యాడి పక్కకే మట్టి చేసిండ్రు. రేల చెట్లు రెండూ పసుపచ్చగ పూసి ఉన్నయి. మట్టి మీదంత పూలే.

పొయ్యి రాళ్ళు మూడూ నిలబడే ఉన్నయి. ఎనక మనం ఉన్నమనే నిలబెట్టిండు. నేను ముట్టుకోలే. అవి పడగొట్టేది కొడుకు. ఆయన గొంగడి, సెంబు తెస్తున్న.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టిన ఈ ఉత్తరం. తిట్టేందుకు నాకేం మొహమున్నది? నేనైతే పన్నెండు దినాలు మీ అక్కతోని ఒక్క ఇంట్ల ఉండి, మూటల ఏమున్నయని అడగకుండ ఊకున్న. కార్డు పది దినాలు ముందుగాల రాస్తె మామ బతికుండంగ చేరేటోల్లం. నేను రాసిన నాడు గూడ ఆయన బతికే ఉన్నడు. బతికుండి రొట్టెలు చేస్తున్నడు.

దేవ్‌సింగ్.

మిర్యాలగూడ,
18-9-1988.

బావకు,

దినవారాలకు వచ్చినప్పుడు నువ్వు నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అందరి మధ్య ఏమని చెప్పను? నాలుగు నెలలు మింగాను, ఇక నా వల్ల కావడం లేదు.

నువ్వు బస్టాండుకు రమ్మన్న రోజు పొద్దున ఆరింటికే నేను అనుమతి కాగితం కోసం అధికారి ఇంటి ముందు నిలబడ్డాను. కాగితం లేకుండా అడవిలోకి పోతే దారిలో ఆపుతారు, ఆపితే ఇంకా ఆలస్యమవుతుందని నా లెక్క. ఆయన నిద్ర లేచి, స్నానం చేసి, సంతకం పెట్టేసరికి ఎనిమిదయింది. పరుగెత్తుకుంటూ బస్టాండుకు వచ్చాను. సోడాబండి ఈదమ్మ, "జీపు ఇప్పుడే పాయె సారూ, పది నిమిషాలు గాలే" అంది. కాగితం చేతిలో పట్టుకొని రోడ్డు మీద నిలబడిపోయాను. సాగర్ బస్సు ఎదురుగా ఉంది బావా. ఎక్కి రావచ్చు. నువ్వు నా కోసం వెనక్కి తిరిగి వస్తావేమోనని రెండు గంటలు చూశాను. తర్వాత ఇంటికి పోయాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా చెప్పకు.

"అయ్య వచ్చేదాకా అమాస ఆగదు" అని బాపు నన్ను చూసి ఎన్నిసార్లు నవ్వాడో! నేను కూడా నవ్వేవాణ్ణి.

దారిలో ఎవరైనా ఆపారా నిన్ను? ఎవరూ ఆపి ఉండరు. ఆ కాగితం ఇంకా నా పెట్టెలో ఉంది. దాని మీద నాలుగు పేర్లున్నాయి. గోప్యా, దేవ్‌సింగ్, తులసీరాం, కమ్లి. మొదటిదైన బాపు పేరు ఎదురుగా, వయస్సు డెబ్బై మూడు అని నా చేతిరాత.

రాళ్ళ సంగతి నాకు గుర్తుంది. వచ్చే ఎండాకాలం తప్పకుండా పోదాం.

తులసీరాం.

సూర్యాపేట,
11-8-1991.

తులసీకి బావ రాసేది.

మూడు ఎండాకాలాలు పోయినయి. ఒకేడు నీ ట్రాన్స్‌ఫర్ ఆపిచ్చుకునుడు, ఒకేడు నీ బిడ్డ సువర్ణ పరీక్షలు, ఈ ఏడు నీ నడుం నొప్పి. నేను దెప్పుత లేను. నాకు గూడ ఆ తోవ మల్ల తొక్కబుద్ధి అయితలేదు. నువ్వు అడగవు, నేను గుర్తు చెయ్య. మన ఇద్దరికీ ఇదే మంచిగున్నట్టున్నది.

జీపు అమ్మేసిన. కోదాడాయనే కొన్నడు. "మంచి బండండీ, ఎందుకమ్ముతున్నారండీ?" అన్నడు.

మీ అక్క సంగతి రాయాలనే ఈ ఉత్తరం. ఆమెకిప్పుడు ఒక అలవాటైంది. గడప దాటేటోన్ని ఎవరినైన సరే, "యాడికి? యాడికి పోతున్నవ్?" అని ఎంటబడి అడుగుతది. నన్ను అడుగుతది, పిల్లలను అడుగుతది, వాకిట్లకెల్లి పోయే పరాయోల్లను గూడ అడుగుతది. మొన్న పక్కింటి లచ్చమ్మ కొడుక్కు పెండ్లి సంబంధం సూడ పోతుంటె అడిగింది. ఇగ సూడు! లచ్చమ్మ శాపనార్థాలు పెట్టుకుంట లోపలికి పోయి నీళ్ళు తాగి మల్ల బయలెల్లింది. వాడోల్లు మా వాకిలి తప్పించి సుట్టూ తిరిగి పోతున్నరు. వద్దే అంటె, "ఒక్కసారి అడగకపోతిని" అంటది.

నువ్వొక్కసారి వచ్చి ఆమెతోని మాట్లాడు.

దేవ్‌సింగ్.

మిర్యాలగూడ బస్టాండు,
21-4-1993.

బావకూ అక్కకూ తులసీరాం నమస్కారాలు.

ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు.

అక్కా, నువ్వు అడగకముందే చెప్తున్నాను. నేను జంటరేల చెలమకు పోతున్నాను. మాచర్ల బస్సు ఇంకో పావుగంటలో ఉంది. మాచర్లలో బస్సు మారి, యర్రగొండపాలెంలో దిగి లింగన్నను వెతుక్కుంటాను. అక్కడి నుంచి నడక. ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, సోడాబండి ఈదమ్మకు కూడా చెప్పాను. "గట్ల ముందే చెప్తె పని కాదంటరు సారూ" అని ఆమె చెవులు మూసుకుంది. కాకపోతే కాకపోనీ. కాగితం కూడా లేదు నా దగ్గర. పాతది పెట్టెలోనే వదిలేశాను. ఆపితే ఆపిన చోట చెప్పుకుంటాను, మా బాపు అక్కడున్నాడని.

బావా, లిస్టు వేయలేదు. నువ్వు తెచ్చిన బాపు గొంగడి, చెంబు, జొన్నపిండి, ఉప్పు, మిరపకాయలు. గొంగడికి ఇంకా పొగ వాసన ఉంది.

రాళ్ళు పడగొట్టడానికి పోతున్నానని నిన్నటి దాకా అనుకున్నాను. పొద్దున మూట కడుతుంటే మనసొప్పలేదు. మీరిద్దరూ రాకుండా ఎట్లా పడగొట్టను? అందుకని వచ్చే వారం గురువారం దాకా అక్కడే ఉంటాను. జీపు లేదని ఆలోచించకు, బస్సులున్నాయి. అక్కను తీసుకొని రా. రాలేకపోతే ఏమీ అనుకోను, ఈసారి కోపాలు లేవు.

రోజూ ముగ్గురికి రొట్టెలు చేస్తాను.

బస్సు వచ్చింది.

తులసీరాం.